సగటు మనిషి కంచము, నల్లగొండ నేల

2024వ సంవత్సరము మే నెలలో హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు భారతీయుల కొరకై 17 ఆహార సూత్రములను సవరించి ప్రకటించిరి. పలువిధములైన పదార్థములను భుజింపుడు, కూరగాయలను ఆకుకూరలను సమృద్ధిగా తీసికొనుడు, ఉప్పును దినమునకు 5 గ్రాములు మించనీయకుడు, నూనెను మితముగా వాడుడు, దేహమునకు శ్రమ కల్పింపుడు అనునవి వానిలో ముఖ్యములు. ఇందేదియు తప్పని పలుకుటకు వీలులేదు. 1918లో కూనూరునందు రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఆరంభించిన ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, క్రమముగా ఈ సంస్థగా పెరిగి, నూరేండ్లకు పైబడిన అనుభవముతో చెప్పుచున్న మాటలివి. అయినను సూర్యాపేట రైతుబజారులో కూరగాయలు కొనుచున్న గృహిణియు, మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోయుచున్న హమాలీయు, కోదాడ బస్టాండు చెంత దుకాణమున ఉదయము మొదలు రాత్రివరకు కూర్చుండి లెక్కలు వ్రాసికొను వర్తకుడును ఆ సూత్రములనే చదివి, ఇవి నాకు సరిపోవునా యని అడిగినచో ఏమని చెప్పవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఒకే విధమైన నీరు త్రాగిన మనుషుల ఎముకలు వారు తిన్న ధాన్యమునుబట్టి వేరువేరు విధముల ఎట్లు మారెనో వివరించు శాస్త్రచరిత్ర ఈ మూడు ఊళ్లున్న నల్లగొండ సీమకే కలదు.

మొదట ఆ సూత్రముల వెనుకనున్న అంకెలు ఎవరిని ఉద్దేశించినవో తెలిసికొనవలెను. శాస్త్రజ్ఞులు లెక్కల సౌకర్యమునకై ఒక ప్రమాణ పురుషుని, ఒక ప్రమాణ స్త్రీని కల్పించుకొందురు. 2020లో సవరించిన లెక్కల ప్రకారము ఆ పురుషుని వయస్సు 19 మొదలు 39 సంవత్సరముల వరకు, బరువు 65 కిలోలు; ఆ స్త్రీ బరువు 55 కిలోలు. ఇరువురును ఏ రోగమును లేనివారు. అంతకు పదేండ్ల పూర్వము, 2010 లెక్కలలో, ఆ పురుషుడు 60 కిలోలే తూగెడివాడు. ఎదిగిన మనిషికి దినమునకు 600 మిల్లీగ్రాముల కాల్షియము చాలునని నాడు చెప్పగా, నేడది 1000 మిల్లీగ్రాములైనది. ఈ పదేండ్లలో మన ఎముకల స్వభావము మారలేదు. శాస్త్రజ్ఞులు ఎంచుకొన్న ఆధారములు, లెక్కకట్టిన రీతి మారినవి. ఈ మార్పును చూచి శాస్త్రమును శంకించువారున్నారు. నాకు మాత్రము ఇది శాస్త్రము యొక్క నిజాయితీకి గుర్తుగా తోచును. అయితే ఆ అంకె ప్రకృతి శాసనము కాదనియు, మానవులు ఆలోచించి ఒప్పుకొన్న అంచనాయే యనియు దీనివలన తేలుచున్నది.

ఆ అంచనా కట్టు విధానమును కొంచెము నిదానముగా చూడవలెను, ఏలయన మన ప్రశ్నకు సగము సమాధానము అందులోనే ఉన్నది. ఒకే వయస్సు, ఒకే బరువు గల ఆరోగ్యవంతులను పెక్కుమందిని పరీక్షించినచో, అందరికిని మాంసకృత్తుల అవసరము సమానముగా నుండదు. కొందరి దేహము కొద్దిపాటితోనే నిర్వహించుకొనును, కొందరి దేహము ఎక్కువ కోరును. వారి సగటు అవసరము దేహభారములో కిలోకు 0.66 గ్రామని తేలినది. ఈ అంకెనే అందరికిని విధించినచో సుమారు సగముమందికి కొరత కలుగును. కావున వ్యక్తులనడుమ గల వ్యత్యాసమును కూడ లెక్కించి, నూటికి 97 మందికి పైగా చాలునట్లు దానిని 0.83 గ్రాములకు పెంచిరి. ప్రజలకు సిఫారసు చేయు మోతాదు ఇదియే. అనగా ఆ సిఫారసుకంటె తక్కువ తిన్న ప్రతివానికిని లోపమున్నదనుట పొరపాటు. సిఫారసు మేరకు తిన్న ప్రతివానికిని చాలుననుటయు సంపూర్ణ సత్యము కాదు. ఇనుము విషయమున ఈ వ్యత్యాసము మరింత విస్తారమైనది: ఎదిగిన స్త్రీకి సగటు అవసరము 15 మిల్లీగ్రాములు కాగా సిఫారసు 29 మిల్లీగ్రాములు. ఋతుస్రావమున పోవు రక్తము ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క విధముగా నుండుటయే ఇంతటి అంతరమునకు ముఖ్య కారణము.

శక్తి విషయమున, అనగా కిలో క్యాలరీల విషయమున, ఇట్లు ఒక మెట్టు పెంచి చెప్పుటకు వీలులేదు. విటమిన్ కొంచెము ఎక్కువైనచో దేహము పెక్కు సందర్భములలో విసర్జించును గాని, క్యాలరీ ఎక్కువైనచో కొవ్వుగా దాచుకొనును. అందుచే శక్తికి సగటు అవసరమునే చెప్పి ఊరకుందురు. కూర్చుండి పనిచేయు ప్రమాణ పురుషునకు 2110, మధ్యరకపు శ్రమ చేయువానికి 2710, కాయకష్టము చేయువానికి 3470 కిలో క్యాలరీలు. స్త్రీలకు వరుసగా 1660, 2130, 2720. కోదాడ వర్తకునకును మిర్యాలగూడ హమాలీకిని దినమునకు 1360 కిలో క్యాలరీల భేదమున్నదన్నమాట. పొలములో వంగి నాట్లువేయు స్త్రీకిని, ఆ పొలము యజమానురాలై పట్టణమున నివసించు స్త్రీకిని వేయికి పైగా భేదము కలదు. ఆ హమాలీయే పనిలేని నెలలలో ఇంట కూర్చుండినపుడు అతని అవసరము సైతము మారిపోవును. సగటు అంకె వీరిలో ఎవరిదియు కాదు.

2025 మార్చి 30న, ఉగాదినాడు, సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో చౌకదుకాణముల ద్వారా సన్న బియ్యపు పంపిణీని ప్రభుత్వము ఆరంభించినది. మనిషికి నెలకు 6 కిలోలు. దొడ్డు బియ్యము తినలేక అమ్ముకొనుచుండిన పేదకుటుంబములకు ఇది మేలైన కార్యమే. ఆ 6 కిలోలు దినమునకు 200 గ్రాములు; వానివలన సుమారు 700 కిలో క్యాలరీల శక్తియు, 15, 16 గ్రాముల మాంసకృత్తులును లభించును. మూడేండ్ల బిడ్డకైనను, బాలింతకైనను, మిల్లు హమాలీకైనను అంతియే. ప్రభుత్వము ఇంటింటికి వచ్చి ఆకలి కొలువజాలదు గనుక సమానముగా పంచక తప్పదు. కాని 55 కిలోల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెను. మిగిలిన 30 గ్రాములు పప్పునుండి, పాలనుండి, గ్రుడ్డునుండి రావలసియుండగా, వాని ధరయు ఇంటి ఆదాయమును కలిసి ఆమె కంచమును నిర్ణయించునే గాని సూత్రములు నిర్ణయింపవు.

ఇంతవరకు చెప్పినవి బరువు, వయస్సు, పని అను కంటికి కనబడు భేదములు. కనబడని భేదములే కఠినమైనవి. వానిని నల్లగొండ నేల బయటపెట్టినంత స్పష్టముగా తెలుగునాట మరియే నేలయు బయటపెట్టలేదని నా నమ్మకము.

2016 అక్టోబరు వరకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును నల్లగొండ జిల్లాలోనివే. పిమ్మట మొదటి రెండును కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. ఈ ఉమ్మడి జిల్లాలో, ముఖ్యముగా పడమటి వైపున మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో, రాతిపొరలనుండి కరగిన ఫ్లోరైడ్ భూగర్భజలములలో చేరియున్నది. త్రాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు గతి లేనప్పుడు 1.5 వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అంతకు పెక్కురెట్లున్న బావినీటిని ఇచటి పల్లెలవారు తరతరములుగా త్రాగిరి. దానివలన కలుగు ఫ్లోరోసిస్ వ్యాధిని తెలుగువారిలో 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ సంగతిని 1955లో సిద్ధిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసి లోకమునకు తెలిపెను. పండ్లపై గోధుమరంగు చారలు, వంగని వెన్ను, బిగిసిన మెడ, క్రుంగిన నడక: ఫ్లోరోసిస్ యొక్క ఈ లక్షణములను వర్ణింపనక్కరలేదు, నల్లగొండవారెరుగుదురు. ఆ నీటిని శుద్ధి చేయుటకై నాగపూరు పరిశోధకులు సున్నమును పటికను కలిపి రూపొందించిన పద్ధతికి లోకమంతట నల్లగొండ పద్ధతియనియే పేరు.

1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ సీమలు వరిపొలములైనవి. ఆ తరువాత కొద్దికాలమునకే జిల్లాలోని కొన్ని గ్రామములలో ఒక కొత్త వైకల్యము కనబడినది. యౌవనమున అడుగిడుచున్న పిల్లల, అందును విశేషముగా మగపిల్లల మోకాళ్లు లోనికి వంగి ఒకదానినొకటి ఒరసికొనజొచ్చినవి. పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను పరిశోధకులు 1973లో లాన్సెట్ పత్రికలో దీనిని వర్ణించిరి. ఫ్లోరైడ్ ఆ నేలలో పూర్వమునుండియు ఉన్నదే. మరి ఈ కొత్త రూపమెట్లు వచ్చినది? అందరును ఆ నీటినే త్రాగుచుండగా కొందరికే ఏల వచ్చినది?

పరిశోధకులు వంటిండ్లలోనికి తొంగిచూచిరి. మోకాళ్లు వంగిన పిల్లలలో ఎక్కువమంది జొన్న ప్రధానాహారముగా గల పేద కుటుంబములవారు. అన్నము తినువారిలో ఈ వికృతి అరుదు. జలాశయమునుండి ఊరిన నీటితో భూగర్భజలమట్టము పైకి వచ్చి, నేలలో క్షారగుణము పెరిగి, అందుచే మాలిబ్డినమ్ అను లోహము మొక్కలకు సులభముగా అందజొచ్చెననియు, ఆ నేలలో పండిన జొన్నలో అది అధికముగా చేరెననియు వారు ఊహించిరి. అధిక మాలిబ్డినమ్ గల జొన్న తిన్నవారి మూత్రములో రాగి ఎక్కువగా పోవుచున్నదని దేవస్థలే, గోపాలన్‌లు 1974లో చూపిరి. ఎముకకు గట్టిదనమిచ్చు పీచువంటి మాంసకృత్తు పోగులను ఒకదానితో నొకటి పెనవేయుటకు రాగి ఆవశ్యకము. రాగి తగ్గిన ఎముకపై ఫ్లోరైడ్ భారము పడినచో పెరుగుచున్న వయస్సులో అది వంగిపోవుననుట వారి అభిప్రాయము. ఇంతేగాక, అన్నము తిన్నప్పటికంటె జొన్న తిన్నప్పుడు దేహము ఫ్లోరైడును ఎక్కువగా నిలుపుకొనునని లక్ష్మయ్య, శ్రీకంఠయ్యలు 1977లో తెలిపిరి. పాలు పెరుగు లేని, కాల్షియము తక్కువైన భోజనము ఈ కీడును ఇనుమడింపజేయునని పెక్కు పరిశోధనలు చెప్పుచున్నవి.

ఈ కథలోని ప్రతి అంశమును విడివిడిగా చూడుడు. నీరు ఊరందరికి ఉమ్మడిది. ధాన్యము ఇంటిని బట్టి. పాలు ఆదాయమును బట్టి. ఎముక పెరుగుదల వయస్సును, స్త్రీపురుష భేదమును బట్టి. ఇవన్నియు ఒక్క బాలుని దేహములో కలిసినప్పుడే ఆ కాళ్లు వంగినవి. ప్రక్కయింటి బాలుడు తిన్నగా నడచెను. ఈ ఇద్దరికిని ఒకే ఆహార సూత్రమునిచ్చినచో, అది ఒకనికి అనవసరము, మరియొకనికి అసంపూర్ణము.

నివారణ కూడ వంటింటిలోనే కొంత దొరకినది. తెలంగాణమున పచ్చిపులుసు లేని ఇల్లరుదు. చింతపండు ఫ్లోరైడును మూత్రముద్వారా వెడలగొట్టుటలో తోడ్పడునని పోషకాహార సంస్థకే చెందిన ఖండారే ప్రభృతులు 2002లో ప్రకటించిరి: భోజనముతో దినమునకు 10 గ్రాముల చింతపండును 18 దినములు తినిపింపగా, బాలుర మూత్రములో ఫ్లోరైడ్ విసర్జన పెరిగినది. మంచినీటికి బదులు చింతపులుసు చాలునని ఎవరును భ్రమపడరాదు. కాని దేశమంతటికి వ్రాసిన ఏ సూత్రములలోను చింతపండు ప్రస్తావన ఇంతటి ప్రాముఖ్యముతో ఉండజాలదనియు, నల్లగొండకై వ్రాసిన సూత్రములలో ఉండదగినదనియు నా తాత్పర్యము.

జొన్నను గూర్చి ఇంకొక అధ్యాయము కలదు. దక్కను పీఠభూమిలో జొన్నయే జీవనాధారముగా గల పేదలకు పెల్లాగ్రా అను వ్యాధి వచ్చుచుండెడిది. ఎండ తగులు చోట చర్మము నల్లబడి పొరలూడుట, విరేచనములు, మతిభ్రమ దాని గుర్తులు. నయాసిన్ అను విటమిన్ లోపమే దానికి కారణమని అప్పటికే తెలిసియున్నది. కాని జొన్నలో నయాసిన్ బియ్యములోకంటె తక్కువేమియు కాదు. ఇక వ్యాధి ఎందుకు? జొన్నలోని మాంసకృత్తులలో లూసిన్ అను అంశము అధికమై, నయాసిన్ వినియోగమునకు అడ్డుపడునని గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో సిద్ధాంతీకరించిరి. ఆ సిద్ధాంతముపై పిమ్మట ఇతర దేశములలో వాదములు చెలరేగినవి. అయినను ఆహారమును ఒక్కొక్క పోషకముగా విడదీసి లెక్కించిన చాలదు, అవి కలిసి ఎట్లు ప్రవర్తించునో చూడవలెనను బోధ నిలిచినది.

ఈ సంగతులు విని జొన్నను నిందింపవలదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మధుమేహమున్న పట్టణవాసులు నేడు సూర్యాపేటలో సైతము రాత్రిపూట జొన్నరొట్టెకు మరలుచున్నారు. పీచు, ఖనిజములు గల ధాన్యమది; తెల్లని సన్న బియ్యముకంటె వారికి మేలు చేయునదే. యాబదేండ్లనాటి పేద బాలుడు మూడుపూటలు జొన్న గటుకయే తిని, ఫ్లోరైడ్ నీరు త్రాగి, పాలు ఎరుగక పెరిగెను. నేటి వర్తకుడు పప్పు, పెరుగు, కూరలతో రెండు రొట్టెలు తినుచున్నాడు, శుద్ధిచేసిన నీరు త్రాగుచున్నాడు. ధాన్యమొక్కటే, ఫలితములు వేరు.

బియ్యమునకును ఇట్టి చరిత్రయే కలదు. కోస్తా జిల్లాలలో పచ్చి బియ్యమును మిల్లులో తెల్లగా పాలిషు పట్టించి తినువారికి బెరిబెరి వచ్చుచుండగా, ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములు దాని బారినుండి తప్పించుకొనెను. వడ్లను నానబెట్టి ఆవిరిలో ఉడికించునపుడు పైపొరలోని, బెరిబెరిని నివారించు థయామిన్ అను విటమిన్ గింజలోనికి ఇంకుటయే ఇందుకు కారణము. నేడు మిర్యాలగూడ మిల్లులు ఆ ఉప్పుడు బియ్యమును విస్తారముగా తయారుచేసి ఇతర రాష్ట్రములకు పంపుచున్నవి. ఈ నేలవారు మాత్రము దాని రుచి యెరుగరు. పాలిషు పట్టిన సన్న బియ్యమునే కోరుదురు. పప్పు, కూర, గ్రుడ్డు గలవారి కంచములో దీనివలన పెద్ద నష్టము లేదు. అన్నము, పచ్చడి తప్ప మరేమియు లేని కంచము సంగతి వేరు.

ఇటీవలి పరిశోధనలు వ్యక్తిభేదములను ఇంకను లోతునకు తీసికొనిపోయినవి. 2015లో ఇజ్రాయెల్ దేశపు వైజ్‌మన్ సంస్థవారు 800 మంది రక్తములోని చక్కెరను వారముపాటు ఎడతెగక కొలిచిరి. ఒకే రొట్టె తిన్నను కొందరికి చక్కెర వేగముగా పెరిగినది, కొందరికి స్వల్పముగానే పెరిగినది. 2020లో వేయిమందికి పైగా ఆంగ్లేయులపై జరిగిన మరియొక పరిశోధనలో, జన్యువులన్నియు సమానముగా గల కవలలు సైతము ఒకే భోజనమునకు వేరువేరుగా స్పందించిరి. ప్రేగులలోని సూక్ష్మజీవులు, నిద్ర, భోజనవేళ, అంతకు ముందు తిన్నది, ఇవన్నియు అందులో పాలుగొన్నవి. పాల సంగతి చూడుడు: పాలలోని చక్కెరను అరిగించు శక్తి బాల్యానంతరము తగ్గిపోవుట ఉత్తరాదివారికంటె దక్షిణాదివారిలో అధికము. పాలు త్రాగి కడుపుబ్బరముతో బాధపడు మనిషికి పాలు త్రాగుమని చెప్పుట సలహా కాదు. పెరుగు, మజ్జిగ అతనికి హాయిగా అరుగును, కాల్షియమును ఇచ్చును.

రోగులకు ఈ సూత్రములు మొదలే వర్తింపవు, ఆ సంగతిని సూత్రకర్తలే అంగీకరింతురు. మూత్రపిండములు చెడినవానికి ఆకుకూరలు, పండ్లు, కొబ్బరినీరు అను మంచి పదార్థములే పొటాసియమును పెంచి ప్రాణాపాయము తేగలవు. సోడియము తగ్గించిన ఉప్పును గూర్చి 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా ఇచ్చుచు, మూత్రపిండ రోగులను, గర్భిణులను, పిల్లలను దానినుండి మినహాయించినది. రక్తమెక్కించుకొనుచు బ్రతుకు థలసీమియా పిల్లల దేహములో ఇనుము ఇదివరకే పేరుకొనియుండును. ఇనుము చేర్చిన బియ్యమును వారు వైద్యుని అడిగి తినవలసినదే.

అయితే ఇంతమాత్రముచేత సామాన్య సూత్రములు వ్యర్థమని తీర్పు చెప్పుట అన్యాయము. రక్తమో ఉమ్మియో పరీక్షించి నీకొక్కనికే తగిన ఆహారపట్టిక ఇత్తుమని వేలకొలది రూపాయలు గుంజు వ్యాపారము నేడు నగరములనుండి చిన్న పట్టణములకు ప్రాకుచున్నది. అందు శాస్త్రము స్వల్పము, ఆశ అధికము. ఉప్పు తగ్గించిన రక్తపుపోటు తగ్గుననుట పెక్కుమంది విషయమున నిజము; కూరగాయలు లేని కంచము ఎవరికిని హితము కాదు. 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు సమీప గ్రామములలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్వాడీలద్వారా అదనపు ఆహారమిచ్చి, ఆ పిల్లలను కౌమారమున మరల పరీక్షింపగా, ఆహారమందని గ్రామములవారికంటె వారు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి, వారి రక్తనాళములు మృదువుగా నుండెను. ఆహారమిచ్చుటకు ముందు ఆ బిడ్డల జన్యువులను ఎవరును పరీక్షింపలేదు. అందరికిని ఒకే కూడు పెట్టిరి. ఆకలి ఉన్నచోట సామాన్య సూత్రమే గొప్ప వైద్యము. ఆకలి తీరి, పోషకముల సమతౌల్యము తప్పినచోటనే వ్యక్తివిచారణ ఆవశ్యకమగును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఈ రెండు స్థితులును ప్రక్కప్రక్క వీథులలోనే ఉన్నవి.

కావున నా తీర్పు ఇది: జాతీయ సూత్రములు వ్యక్తికి చాలవు, వ్యక్తి సూత్రములు జాతికి సాధ్యము కావు, ఈ రెండింటి నడుమ జిల్లా సూత్రములుండవలెను. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. ఊరూర అంగన్వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు కలరు. తార్నాకలో నల్లగొండను గూర్చి అర్ధశతాబ్దికి పైగా కూర్చిన పరిశోధన కలదు. వీరందరును కలిసి ఈ నేలకు, ఈ నీటికి, ఈ పంటలకు తగినట్లు తెలుగులో నాలుగు పుటల పుస్తకమొకటి సిద్ధము చేయుట అసాధ్యము కాదు.

అది వచ్చులోపల, పాఠకులారా, మీ ఇంటివారి విషయమున మీరే కొన్ని సంగతులు విచారింపుడు. వంటకు, త్రాగుటకు ఇంటి బోరునీటిని వాడుచున్నచో దానిలో ఫ్లోరైడ్ ఎంతయున్నదో పరీక్ష చేయింపుడు. ఎదుగుచున్న పిల్లలకు పెరుగో మజ్జిగయో ప్రతిదినమును అందుచున్నదా చూడుడు. ఇంట ఆడువారు అందరికంటె చివర ఏమి తినుచున్నారో గమనింపుడు. వారి హిమోగ్లోబిన్ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో ఉచితముగానే చేయుదురు. మధుమేహముగాని మూత్రపిండవ్యాధిగాని ఉన్నవారు పొరుగువారి పథ్యమును అనుసరింపక, తమ వైద్యుని అడిగి తమ కంచమును నిర్ణయించుకొనుడు.